కిటికీ పక్క సీసాలు

సోమవారం పొద్దున్న కృష్ణప్రియ చేతులకి గ్లోవ్స్ తొడుక్కుంటూ ఉండగా రవిశంకర్ తలుపు తోసుకుని ల్యాబులోకి వచ్చాడు. ఏలూరు శివార్లలో ఉన్న ఆ ప్రైవేటు మెడికల్ కాలేజీలో ఆమె మైక్రోబయాలజీ అసోసియేట్ ప్రొఫెసరు. అతను కమ్యూనిటీ మెడిసిన్‌లో గణాంకాల లెక్కలు చూసే మనిషి. ఎప్పుడూ నింపాదిగా నడిచేవాడు, ఆ పూట మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చినట్టు రొప్పుతున్నాడు. తెరిచిన లాప్‌టాప్ అరచేతుల మీదే ఉంది.

"మేడమ్, మీ కొల్లేరు పేపరు ఇవాళ చూశారా?"

చూడలేదు. ఆ వ్యాసం వంక చూడటం ఆమె మానేసి చాలాకాలమైంది. చేపల చెరువుల్లో పనిచేసేవాళ్ల చేతుల మీద నెలల తరబడి మానకుండా ఉండిపోయే పుళ్ల గురించి ఆరేళ్ల కిందట రాసింది. ఎవరైనా తమ వ్యాసంలో మన వ్యాసాన్ని ఆధారంగా చూపిస్తే దాన్ని సైటేషన్ అంటారు. ఈ ఆరేళ్లలో దానికి వచ్చిన సైటేషన్లు మూడు. ఆ మూడింట్లో ఒకటి ఆమె తనంతట తాను ఇచ్చుకున్నది.

రవిశంకర్ లాప్‌టాప్ బల్ల మీద పెట్టి వేలితో చూపించాడు. పదిహేడు.

కృష్ణప్రియ గ్లోవ్స్ తీసేసి దగ్గరికి వంగి చూసింది. పొరపాటేమో అంది. పొరపాటు కాదని అతను ఒక్కొక్కటీ తెరిచి చూపించాడు. చర్మవ్యాధుల చికిత్స మీద దేశదేశాల నిపుణులు కలిసి ఒక మార్గదర్శిని రాశారు. దానితోపాటు ఒకే సంచికలో పదమూడు వ్యాసాలు వచ్చాయి. అన్నింట్లోనూ ఆమె పేరు ఉంది. చిన్న ల్యాబుల్లో, పెద్ద యంత్రాలు లేనిచోట ఈ పుండును ఎలా గుర్తుపట్టాలో కొల్లేరు వ్యాసం చెప్పిందని రాశారు.

"శుక్రవారం మీ ఇంటర్వ్యూ. మన కాలేజీ రూలు ఏమిటండీ? ప్రొఫెసరు కావాలంటే మొదటి పేరు మీదే ఉన్న పేపర్లు నాలుగుండాలి, ఒక్కదానికైనా పది సైటేషన్లు దాటాలి. మీకు నాలుగున్నాయి, ఆ పదే లేదు. ఇప్పుడది కూడా వచ్చేసింది మేడమ్" అన్నాడు రవిశంకర్. సొంత చెల్లెలికి ఉద్యోగం వచ్చినంత సంతోషంగా ఉంది అతని మొహం.

ఆ రోజు ఆమె ఏ పని సరిగ్గా చేసిందో ఆమెకే తెలియదు. స్లైడుకి రంగు వేసి కడగడం మరిచిపోయి మళ్లీ వేసింది. మధ్యాహ్నం క్యారేజీ తెరిచి రెండు ముద్దలు తిని, లేచి వెళ్లి మళ్లీ లెక్క చూసుకుంది. పద్దెనిమిది. మంగళవారానికి ఇరవై రెండైంది. ప్రిన్సిపాల్ స్వయంగా ఫోన్ చేసి గేటు దగ్గర ఫ్లెక్సీ వేయిద్దాం, మంచి ఫొటో పంపించమ్మా అన్నారు. ఇన్నేళ్లుగా ఆమె కారిడార్‌లో ఎదురైతే పక్కకి తప్పుకుని వెళ్లిపోయే సర్జన్లు ఆగి పలకరించారు.

మంగళవారం మధ్యాహ్నమే నెదర్లాండ్స్ నుంచి మెయిల్ వచ్చింది. మార్గదర్శిని రాసిన బృందానికి పెద్ద, డాక్టర్ క్రిస్టినా అనే ఆవిడ రాసింది. గురువారం భారతదేశం టైము సాయంత్రం ఆరింటికి ఆన్‌లైన్‌లో సమావేశం ఉంది, నలభై దేశాల ల్యాబులవాళ్లు వస్తారు, మీరు ఇరవై నిమిషాలు మాట్లాడాలి అని కోరింది. అందరూ అడుగుతున్నారంటూ కింద నాలుగు ప్రశ్నలు రాసింది. సీసాలు పెట్టిన కిటికీ ఏ దిక్కున ఉంది? ఎండ నేరుగా పడేదా, పడితే ఎంతసేపు? ప్రతి జతలో ఒక సీసాకి నల్ల కాగితం చుట్టాలన్న ఆలోచన ఎలా వచ్చింది? మీరు రాసిన ప్రామాణిక పద్ధతి ఏ పుస్తకంలో ఉంది?

కృష్ణప్రియ ఆ నాలుగూ మూడుసార్లు చదివింది. ఒక్కదానికీ జవాబు తెలియదు.

తన వ్యాసం తీసి చూసుకుంది. పుండులోంచి తీసిన చిన్న ముక్కని, క్రిములకి ఆహారమయ్యే మీడియం పోసిన సీసాల్లో వేసి, ఒక సీసా ముప్పై ఏడు డిగ్రీల ఇన్‌క్యుబేటర్‌లో పెట్టారు. ఇరవై ఆరుగురివీ పెడితే ఒక్కదాంట్లోనూ ఏమీ పెరగలేదు. 'ప్రామాణిక పద్ధతి ప్రకారం మరో జత సీసాలను గది ఉష్ణోగ్రత వద్ద, కిటికీ పక్కన ఉంచడమైనది.' వాటిలో ఇరవై రెండు జతల్లో పెరిగింది. క్షయ క్రిమికి దూరపు చుట్టం లాంటి క్రిమి అది, చెరువు నీళ్లలో బతికేది. వెలుగు తగిలిన సీసాలో పసుపు రంగుకి తిరిగింది, నల్ల కాగితం చుట్టిన దాంట్లో తెల్లగానే ఉంది. వ్యాసం బలమంతా ఆ రంగు తేడాలోనే ఉంది.

ఆ వాక్యం రాసింది తనే. సీసాలు కిటికీలో పెట్టింది మాత్రం తను కాదు. రత్నమాణిక్యం పెట్టింది. మీడియం తయారుచేసే గదిలో టెక్నీషియన్‌గా ఇరవై ఎనిమిదేళ్లు చేసి రెండేళ్ల కిందట రిటైరైంది. ఇన్‌క్యుబేటర్‌లో చోటు లేక పెట్టి ఉంటుందని కృష్ణప్రియ ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చింది. అప్పటి డిపార్ట్‌మెంట్ హెడ్, ఆ వ్యాసానికి రెండో రచయిత అయిన జగన్మోహనరావు గారు రాతప్రతిలో రత్నమాణిక్యం పేరు మీద పెన్ను అడ్డంగా గీసి, టెక్నీషియన్ల పేర్లు పేపర్లలో వెయ్యం కదమ్మా అన్నారు. కృష్ణప్రియ సరేనండి అంది. అంతకుమించి ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు.

బుధవారం సెలవు పెట్టి తాడేపల్లిగూడెం పాసింజరు ఎక్కింది. భీమడోలు దాటాక సెల్ తీసి చూస్తే ఇరవై ఏడు. పక్క సీట్లో కూర్చున్న ముసలాయనకి కూడా చెప్పాలనిపించేంత ఉత్సాహంగా ఉంది.

స్టేషనుకి దగ్గర్లో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో రక్తం తీసే కౌంటరు దగ్గర దొరికింది రత్నమాణిక్యం. జుట్టు బాగా నెరిసింది. ఒక పెద్దావిడ చేతికి పట్టీ కట్టి, నరం మీద రెండు వేళ్లతో తట్టి, మాటల్లో పెట్టి సూది గుచ్చేసింది. ఆవిడకి గుచ్చినట్టే తెలియలేదు. దూది అదిమిపట్టి తల పైకెత్తి, అప్పుడు చూసింది కృష్ణప్రియని.

"మేడమ్ గారా, ఏవండీ ఇలా వచ్చారు? కబురు పెడితే నేనే వద్దును కదండీ."

వెనక గదిలో ప్లాస్టిక్ కుర్చీలు రెండు వేసింది. టీ తెప్పించింది. కృష్ణప్రియ లాప్‌టాప్ తీసి చూపించి, ఎన్ని దేశాలవాళ్లు చదివారో, ఎంతమంది రాశారో గబగబా చెప్పుకుపోయింది. రత్నమాణిక్యం కళ్లజోడు పెట్టుకుని వింటూ కూర్చుంది. చెప్పడం అయ్యాక కృష్ణప్రియ ఆ నాలుగు ప్రశ్నలూ తెలుగులో చదివి వినిపించింది.

తూర్పు కిటికీ అంది రత్నమాణిక్యం, క్షణం కూడా ఆలోచించకుండా. పొద్దున్న ఏడు నుంచి తొమ్మిదింబావు దాకా ఎండ పడేది, తర్వాత సన్‌షేడ్ అడ్డం వచ్చేది. గోడకి థర్మామీటరు కట్టి రోజుకి మూడుసార్లు రాసుకునేది. ఇరవై ఎనిమిదికి తగ్గితే కిటికీ తలుపు మూసేది, ముప్పై మూడు దాటితే తడిగుడ్డ కట్టేది.

"అయితే చోటు లేక అక్కడ పెట్టలేదా మీరు?" అంది కృష్ణప్రియ.

"ఇన్‌క్యుబేటర్‌లో రెండు అరలు ఖాళీయేనండీ అప్పుడు." రత్నమాణిక్యం తన కుడిచేతిని ముందుకు చాపి, ఎడమచేతి వేలితో ఒక్కొక్క చోటూ ముట్టుకుంటూ చెప్పింది. "పుళ్లు ఎక్కడెక్కడున్నాయో చూశానండీ. వేళ్లు, మణికట్టు, మోచెయ్యి, కాలి మడమ. ఒక్కళ్లకి కూడా పొట్ట మీద లేదు, చంకలో లేదు. ఒంట్లో చల్లగా ఉండే చోట్లు అవే కదండీ. చల్లదనం చూసుకుని కూర్చునే పురుగుని తీసుకెళ్లి వేడి పెట్టెలో పెడితే ఎలా బతుకుతుంది అనుకున్నాను. మీడియం ఎలాగూ మిగిలేది. మనిషికి మరో రెండు సీసాలు పోసుకున్నాను."

నల్ల కాగితం సంగతీ చెప్పింది. మొదట పెట్టిన వాటిలో వెలుగు వైపు వరస పసుపెక్కి, వెనక వరస తెల్లగా ఉండిపోయింది. రెండూ ఒకటేనా వేరా అని అనుమానం వచ్చి, ఆఫీసులో కార్బన్ పేపర్లు అడిగి తెచ్చి జతలో ఒకదానికి చుట్టింది. పదో రోజు కాగితం విప్పి ఆ తెల్లటి సీసాని కూడా ఎండలో పెడితే సాయంత్రానికి అదీ పసుపెక్కింది. ఆ రోజు తను అన్నం తినడం మరిచిపోయానని చెబుతూ నవ్వింది. ఆ నవ్వులో ఆరేళ్ల కిందటి ఆ సాయంత్రపు సంబరం ఇంకా ఆరినట్టు లేదు.

కృష్ణప్రియ టీ గ్లాసు కింద పెట్టింది. "ఇదంతా మాకెందుకు చెప్పలేదండీ?"

"చెప్పానండీ. పెద్దసారుకి చెప్పాను. మీకూ చెప్పాను. మీరప్పుడు ఫోన్‌లో ఉన్నారు, తలూపారు."

కౌంటరు దగ్గర ఎవరో బల్ల తట్టారు. రత్నమాణిక్యం లేచి వెళ్లి, ఇంకొకరికి రక్తం తీసి, సీసా మీద పేరు రాసి తిరిగొచ్చింది. అచ్చయిన వ్యాసం చూశారా అని కృష్ణప్రియ అడిగింది. అడిగేటప్పుడు ఆవిడ మొహంలోకి చూడలేకపోయింది.

"మా అల్లుడు ప్రింటు తీసిచ్చాడండీ. కూడబలుక్కుంటూ చదివాను. ప్రామాణిక పద్ధతి ప్రకారం అని ఉంది. ఆ పద్ధతి ఎక్కడ రాసుందా అని చాలా రోజులు వెతికాను, లైబ్రరీలో కూడా అడిగాను. నాకంటే ముందే ఎవరో కనిపెట్టేశారు కాబోలులే అనుకున్నానండీ."

ఏలూరు తిరిగొచ్చే బండిలో కృష్ణప్రియ సెల్ తీయలేదు.

ఆ సాయంత్రం రవిశంకర్‌తో చెప్పింది. పేపరులో పేరు చేర్చమని పత్రికవాళ్లకి రాద్దామని, ఫారం ఉంటుందని, పాత రచయితలిద్దరూ సంతకం పెడితే సవరణ వేస్తారని అతను వెతికి చెప్పాడు. కానీ జాగ్రత్త పడమన్నాడు. మూడో పేరుగా చేర్చండి మేడమ్, ఆవిడకి న్యాయం జరుగుతుంది, మొదటి పేరు మీదే ఉంటుంది, శుక్రవారానికి ఇబ్బంది రాదు అన్నాడు. ఫోన్ చేసి అడిగితే రత్నమాణిక్యం కూడా అదే అంది. చివర ఉన్నా చాలండీ, మా వాళ్లకి చూపించుకుంటాను అంది. మూడో పేరని టైపు చేసి, గురువారం పొద్దున్నే పవర్‌పేటలో జగన్మోహనరావు గారింటికి వెళ్లింది.

ఆయన వరండాలో పేపరు చదువుకుంటున్నారు. అంతా విని, ఇప్పుడు ఇదంతా తవ్వితే ఎవరికేం ఒరుగుతుందమ్మా అన్నారు మెత్తగా. మా రోజుల్లో అదే పద్ధతి, నేనేం కొత్తగా చెయ్యలేదు అన్నారు. కృష్ణప్రియ వాదించలేదు. ఆవిడ లైబ్రరీలో వెతికిన సంగతి మాత్రం చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి పంచె అంచుతో చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత పెన్ను అడిగి సంతకం పెట్టారు.

సాయంత్రం అయిదుంబావుకే కాలేజీ సెమినార్ హాలుకి వచ్చేసింది రత్నమాణిక్యం. ఇస్త్రీ చేసిన గద్వాల చీర కట్టుకుంది. చేతి సంచిలో పాత నోటుబుక్కు, ఉష్ణోగ్రతలు రాసుకున్నది. పక్కన కూర్చోవాలంతేనని, భయపడక్కర్లేదని కృష్ణప్రియ ధైర్యం చెప్పింది. భయం కృష్ణప్రియకే ఉంది. తెర మీద చిన్నచిన్న గళ్లలో మొహాలు వస్తూనే ఉన్నాయి. బ్రెజిల్, ఘనా, వియత్నాం. రెండు వందల అరవై మంది అని రవిశంకర్ వెనక నుంచి గుసగుసగా చెప్పాడు.

మొదటి పది నిమిషాలు కృష్ణప్రియ ఇంగ్లీషులో రోగుల గురించి చెప్పింది. ఆకివీడులో చేపలు ఏరే వరమ్మ అనే ఆమెకి రెండేళ్లు ఎన్ని మందులు వాడినా పుండు మానలేదని, వేలు తీసేయాలని డాక్టర్లు అన్నారని, సరైన మందు పడ్డాక మూడు నెలల్లో మానిందని చెప్పింది. వరమ్మ తన పిన్ని కూతురని రత్నమాణిక్యం పక్క నుంచి మెల్లగా అంది. ఈ సంగతీ కృష్ణప్రియకి తెలియదు.

అప్పుడు క్రిస్టినా నాలుగో ప్రశ్న ముందుగా అడిగింది. మీరు రాసిన ప్రామాణిక పద్ధతి మా ఎవరికీ దొరకలేదు, ఎక్కడుంది?

కృష్ణప్రియ కెమెరా వైపు తిరిగింది. అలాంటి పద్ధతి ఎక్కడా లేదని, ఆ వాక్యం తను రాసిందని, రాయడం తప్పని చెప్పింది. ఇది నా పక్కన కూర్చున్న రత్నమాణిక్యం గారి ఆలోచన, మిగతాది ఆవిడ తెలుగులో చెబుతారు, నేను ఇంగ్లీషులో వినిపిస్తాను అంది.

రత్నమాణిక్యం రెండు చేతులూ జోడించి తెరకి నమస్కారం పెట్టింది. మొదట్లో మాట తడబడింది. వేళ్ల దగ్గర మొదలుపెట్టి మోచేతి దాకా వచ్చేసరికి కుదురుకుంది. పుండు ఎక్కడుందో తన చేతి మీదే చూపించింది. కిటికీ గురించి, తడిగుడ్డ గురించి, కాగితం విప్పిన రోజు గురించి చెప్పింది. గళ్లలో తలలు ముందుకు వంగాయి. ఘనా నుంచి ఒకాయన మా ల్యాబుకి తూర్పు కిటికీ లేదు, ఉత్తరం వైపు పెట్టొచ్చా అని అడిగాడు. ఎండ పడకపోయినా వెలుగు చాలండీ, రంగు రెండు రోజులు ఆలస్యంగా వస్తుందంతే, నేను అదీ చూశాను అంటూ నోటుబుక్కులో పేజీ తిప్పి కెమెరాకి చూపించింది. అనువాదం చేస్తూ కృష్ణప్రియ తను ఎన్నోసార్లు ఆగిపోవడం గమనించింది. తను రాసిన వ్యాసాన్ని తనే ఇప్పుడు మొదటిసారి వింటోంది.

వియత్నాం నుంచి ఒక అమ్మాయి, ఏమీ పెరగని ఆ నాలుగు జతలూ పాడైపోయాయా అని అడిగింది. పాడై ఉంటాయని పేపరులో రాశారు. కృష్ణప్రియ ఆ జవాబే చెప్పబోతుంటే రత్నమాణిక్యం చెయ్యి పట్టుకుని ఆపింది.

"పాడవలేదండీ. ఆ నలుగురూ కలిదిండి వైపు రొయ్యల చెరువుల వాళ్లు. అవి ఉప్పునీళ్లు. మన మీడియంలో ఉప్పు లేదు కదండీ. ఉప్పు వేసి చూద్దామని అడిగాను. పేపరు అయిపోయింది, ఇంకెందుకన్నారు."

కృష్ణప్రియ ఇంగ్లీషులో చెప్పింది. తెర మీద ఒకేసారి ఇరవై ముప్పై చేతి గుర్తులు లేచాయి.

సమావేశం ముగిశాక రవిశంకర్ రత్నమాణిక్యాన్ని బస్సెక్కించడానికి తీసుకెళ్లాడు. కృష్ణప్రియ ఖాళీ హాల్లో కూర్చుని లాప్‌టాప్‌లో ఆ ఫారం తెరిచింది. మూడో వరసలో ఉన్న పేరు తీసి మొదటి వరసలో పెట్టింది. తన పేరు రెండోదైంది. జగన్మోహనరావు గారికి ఫోన్ చేసింది. ఆయన సమావేశం అంతా చూశారట.

"నా పేరు ఎక్కడున్నా నాకు పోయేదేం లేదమ్మా, నేను రిటైరయ్యాను. పోయేది నీకే. ఆలోచించుకున్నావా?"

ఆలోచించుకున్నానంది. అయితే కొత్త ఫారం పంపించు, సంతకం పెట్టి తిప్పి పంపుతాను అన్నారాయన.

శుక్రవారం ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. ఆమె ఇచ్చిన జాబితాలో ఆ వ్యాసం ఎదురుగా రెండో రచయిత, సవరణకు పంపినది అని ఉంది. మధ్యలో కూర్చున్నాయన కాగితం అటూ ఇటూ తిప్పి, పాత పేరే ఉంచి ఉంటే మాకే ఇబ్బందీ ఉండేది కాదు కదండీ అన్నారు. అవునండీ అంది ఆమె. సాయంత్రం నాలుగింటికి ప్రిన్సిపాల్ పిలిచి, నిబంధన ప్రకారం కుదరలేదమ్మా, వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. గేటు దగ్గర కట్టిన ఫ్లెక్సీ అప్పటికే విప్పుతున్నారు. కృష్ణప్రియకి బాధ కలిగింది. నాలుగు రోజులుగా మనసులో తలుపు మీద ప్రొఫెసర్ అన్న అక్షరాలు చూసుకుంటూనే ఉంది మరి. ల్యాబులోకి వెళ్లి సింకు దగ్గర మొహం కడుక్కుంది. టవలు తీసుకుంటుంటే రత్నమాణిక్యం ఫోన్ చేసింది. ఇంటర్వ్యూ ఏమైందని అడిగింది. విన్నాక, రేపు రెండో శనివారం కదండీ, మీడియం గది తాళాలు మీ దగ్గరున్నాయా అంది.

శనివారం ఎనిమిదింటికల్లా ఇద్దరూ ఆ గదిలో ఉన్నారు. రత్నమాణిక్యం వస్తూ వస్తూ రెండు అట్టల కోడిగుడ్లు తెచ్చింది. ఈ మీడియానికి గుడ్లే ఆధారం. సబ్బునీళ్లతో కడిగి, స్పిరిట్‌లో నానబెట్టి, ఒక్కొక్కటీ గాజు అంచున కొట్టి ఫ్లాస్కులోకి వదులుతోంది. పెంకు ముక్క ఒక్కటి కూడా పడటం లేదు. కృష్ణప్రియ కొడితే మూడో గుడ్డుకే పడింది.

"మీరు ఉప్పు తూచండి మేడమ్, ఇది నేను చూసుకుంటాను" అంది రత్నమాణిక్యం.

ఆదివారం కలిదిండి వెళ్లి చెరువుల దగ్గర ఎవరెవరిని కలవాలో మాట్లాడుకున్నారు. మీడియాన్ని మస్లిన్ గుడ్డలో వడకట్టి, ఆకుపచ్చ రంగు కలిపి, నాలుగు ఫ్లాస్కుల్లోకి పంచారు. ఉప్పు ఎంతెంత వెయ్యాలని కృష్ణప్రియ అడిగింది. నూటికి ఒకటి, రెండు, మూడు వేద్దామంది రత్నమాణిక్యం. కొన్ని సీసాలకి అయిదు కూడా వేద్దామంది. అలాగే కలిపి, సీసాల్లో పోసి ఏటవాలుగా పేర్చారు.

కృష్ణప్రియ కొత్త నోటుబుక్కులో మొదటి పేజీ తీసి, తేదీ వేసి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. రాస్తూ తలెత్తి అడిగింది.

"అయిదు ఎందుకండీ? చెరువుల్లో కూడా అంత ఉప్పుండదు కదా. అంత ఉప్పులో ఏమైనా పెరుగుతుందా?"

రత్నమాణిక్యం చివరి సీసా మూత బిగించి, వెలుగుకెత్తి చూసింది.

"తెలీదండీ" అంది. "చూద్దాం."